నవంబరు నీళ్లలో స్మాల్‌మౌత్: చలికి మందగించే చేప చలిలోనే ఎందుకు పడుతుంది?

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో గాలం సరదా ఉన్నవాళ్లు కొందరున్నారు. సెప్టెంబరు చివరికల్లా అందరూ రాడ్లు గరాజ్‌లో సర్దేస్తారు. "చలికి చేపలు అడుక్కి పోయి పడుకుంటాయి కదండీ, ఇంకేం పడతాయి?" అంటారు. మొదటి మూడేళ్లు నేనూ అలాగే సర్దేశాను. నాలుగో ఏడు నవంబరు మొదటి వారంలో ఒక మిత్రుడు తన పడవలో, అమెరికా, కెనడా సరిహద్దులోని మహా సరస్సుల్లో (గ్రేట్ లేక్స్) ఒకటైన ఎరీ సరస్సు మీదికి తీసుకెళ్లాడు. ఇంటి పెరడంత జాగా మీద నాలుగు గంటలు గాలం వేశాం. ఎండాకాలమంతా తిరిగినా కనబడనంత పెద్ద స్మాల్‌మౌత్ బాస్‌లు అక్కడ ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

ఆ రోజు నుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు చల్లబడేకొద్దీ దాని ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. మామూలు లెక్క ప్రకారం నీరు 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే ఒంట్లో శక్తి ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. తిన్నది అరగడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. మరి ఆకలి తగ్గే కాలంలో చేప బాగా పడడం ఏమిటి? అదీ బాగా బలిసిన చేప?

ఇక్కడివాళ్లు దీనికి చెప్పే జవాబు, "చలికాలానికి ముందు చేప కడుపు నింపుకుంటుంది". అది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే సరస్సు మీద రోజంతా ఖాళీ చేతులతో తిరుగుతాం. ఎక్కువగా పడడానికి అసలు కారణం ఆకలి కాదని నా అభిప్రాయం. సరస్సంతా చెల్లాచెదురుగా ఉన్న చేప కొన్ని చిన్న చోట్లకు వచ్చి చేరుతుంది. దాన్ని పట్టుకోవడంలోని సులువూ, దానికి జరిగే హానీ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

ముందు చేప గురించి. స్మాల్‌మౌత్‌ను ఇక్కడ ముద్దుగా స్మాలీ అంటారు. కంచు రంగు ఒళ్లు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కన్ను. పై దవడ కన్ను దాటి వెనక్కి పోదు, ఆ చిన్న నోటి వల్లే ఆ పేరు. ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల సొంత చేప. రాళ్లున్న చల్లని, తేట నీరు దానికి ఇష్టం. గాలానికి తగిలాక నీళ్లలోంచి ఎగిరి కొట్టుకునే తీరు చూస్తే మన కొర్రమీను గుర్తొస్తుంది, బలం మాత్రం దీనిదే ఎక్కువ అనిపిస్తుంది నాకు.

ఇక నీటి సంగతి. చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

నాగార్జునసాగర్ జలాశయం విస్తీర్ణం దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. ఎరీ సరస్సు దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు, అంటే తొంభై సాగర్‌లు. సగటు లోతు 19 మీటర్లు. అంత నీరు వేడెక్కడానికీ, చల్లబడడానికీ నెలలు పడుతుంది. నవంబరు మొదట్లో రాత్రిపూట గాలి సున్నా డిగ్రీలకు దిగుతున్నా సరస్సు ఇంకా 10, 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒడ్డున మనం వణుకుతూ "చలికాలం వచ్చేసింది" అనుకుంటాం. నీళ్లలో ఉన్న చేపకు అది ఇంకా శరత్కాలమే. మొదటి పొరపాటు మనం మన చలిని చేపకు అంటగట్టడం.

రెండో పొరపాటు 'టర్నోవర్' అనే మాటతో వస్తుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా, సరస్సులో చల్లబడిన నీరు కూడా కిందికే దిగుతుంది. ఎండాకాలంలో లోతైన సరస్సు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని బరువు నీరు, మధ్యలో వేడి ఒక్కసారిగా మారిపోయే పలచని పొర. ఆ రెండు నీళ్లూ కలవవు. శరత్కాలంలో పైనీరు చల్లబడి బరువెక్కి దిగుతూ, గాలి తోడై, ఒక రోజున పైనుంచి కిందిదాకా ఒకే వేడికి వచ్చి మొత్తం కలిసిపోతుంది. దాన్నే టర్నోవర్ అంటారు. నీటి బరువు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే మళ్లీ తేలికై పైనే ఉండిపోతుంది, మంచు పైన గడ్డకట్టేది అందుకే.

టర్నోవర్ వస్తే పది రోజులు చేప పడదని గాలం వేసేవాళ్లలో గట్టి నమ్మకం. చిన్న చెరువు విషయంలో అందులో నిజముంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల రైతులకు ఆ కష్టం బాగా తెలుసు. ముసురు పట్టిన రోజుల్లో అడుగున ఉన్న ప్రాణవాయువు లేని నీరు పైనీటితో కలిస్తే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, రైతు పరుగున వెళ్లి ఏరియేటర్లు వేస్తాడు. మహా సరస్సులో కథ వేరు. ఎరీ పడమటి భాగం సగటు లోతు ఏడున్నర మీటర్లకు మించదు, గాలి దాన్ని ఎప్పుడూ కలుపుతూనే ఉంటుంది. మధ్య భాగం సగటున 18 మీటర్లు. ఎండాకాలం చివర అక్కడ అడుగున ప్రాణవాయువు అయిపోయి చేపలు నిలవలేని పరిస్థితి వస్తుంది. తూర్పు భాగం లోతు 64 మీటర్ల దాకా ఉంటుంది, అది అన్నిటికంటే ఆలస్యంగా కలుస్తుంది. ఒకే సరస్సు, మూడు చోట్ల మూడు కాలాలు. "సరస్సు టర్నోవర్ అయిందా?" అని అడిగితే ఏ మూల గురించి అడుగుతున్నారో చెప్పాల్సి ఉంటుంది. డెట్రాయిట్ పక్కనే ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సు సగటు లోతు మూడున్నర మీటర్ల లోపే. అసలు పొరలే నిలవని చోట టర్నోవర్‌కు భయపడడం దేనికి?

పైగా మధ్య భాగంలో ఉన్న చేపకు టర్నోవర్ మేలే చేస్తుంది. అడుగుదాకా ప్రాణవాయువు చేరుతుంది. పైనా కిందా ఒకే వేడి కాబట్టి చేప ఏ లోతులోనైనా ఉండొచ్చు. ఎండాకాలంలో మూసి ఉన్న తలుపు ఇప్పుడు తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నాక చేప కిందికే ఎందుకు వెళ్తుందో తెలియాలంటే అది తినే తిండి గురించి చెప్పాలి.

1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మస్సెల్ అనే చారల ఆల్చిప్ప కనబడింది. గోటి అంత ఉంటుంది. యూరప్ నుంచి వచ్చే ఓడలు నిలకడ కోసం పొట్టలో నింపుకునే నీళ్లతో పాటు వచ్చింది. ఒక్కొక్కటి రోజుకు లీటరు దాకా నీటిని వడకట్టి అందులోని సూక్ష్మజీవులను తినేస్తుంది. కోట్ల సంఖ్యలో రాళ్లకు అతుక్కుపోయి సరస్సును తేటగా మార్చేసింది. రెండేళ్లకు, 1990లో, సెయింట్ క్లెయిర్ నదిలో రౌండ్ గోబీ దొరికింది. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం దాని సొంత ఊళ్లు. అదీ ఓడల నీళ్లలోనే వచ్చింది. ఆ దశాబ్దం దాటకుండానే ఐదు మహా సరస్సుల్లోకీ పాకింది. మన కాలువల్లో దొరికే ఇసుకదొందు ఈ గోబీల కుటుంబానిదే. తల లావు, ఒళ్లు సన్నం, ఇసుకనూ రాళ్లనూ అంటిపెట్టుకుని ఉండే అలవాటు, అన్నీ అదే పోలిక.

గోబీ ఆ ఆల్చిప్పలను నమిలి తింటుంది. స్మాల్‌మౌత్ గోబీని తింటుంది. అంతకుముందు స్మాల్‌మౌత్ నోటికి అందని శక్తి, నీళ్లలో తేలే సూక్ష్మజీవుల శక్తి, ఆల్చిప్ప మీదుగా గోబీలోకీ, గోబీ నుంచి స్మాల్‌మౌత్‌లోకీ చేరింది. ఫలితం తూకంలో కనబడింది. ఈ చేపకు ప్రపంచ రికార్డు 1955లో కెంటకీ, టెనెసీ సరిహద్దులోని డేల్ హాలో జలాశయంలో పడిన 11 పౌండ్ల 15 ఔన్సులది. అది వెచ్చని దక్షిణాన, చేప ఎదిగే నెలలు ఎక్కువగా ఉండే చోట. కెనడాలోని చలి రాష్ట్రమైన ఒంటారియోలో 1954 నాటి 9.84 పౌండ్ల రికార్డు అరవై ఎనిమిదేళ్లు కదల్లేదు. 2022 నవంబరు 3న ఎరీ సరస్సు కెనడా వైపు నీళ్లలో 10.15 పౌండ్ల చేప పడింది. నవంబరు అన్న మాట మీద దృష్టి పెట్టండి.

గోబీ వల్ల అంతా మేలే అని నేననడం లేదు. వేసవి మొదట్లో మగ స్మాల్‌మౌత్ గూడు కట్టి గుడ్లకు కాపలా కాస్తుంది. దాన్ని గాలంతో లాగేసిన కాసేపట్లోనే గోబీలు గుంపుగా వచ్చి గూడు ఖాళీ చేస్తాయి. గోబీ గుడ్లను తింటుంది, బతికిన గుడ్డు పెద్దదై గోబీని తింటుంది. గూడు మీద ఉన్న చేపను పట్టకూడదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

చలి మొదలయ్యాక గోబీలు ఒడ్డు దగ్గరి లోతు తక్కువ రాళ్లు వదిలి లోపలికి, లోతుకు జరుగుతాయి. స్మాల్‌మౌత్ వాటి వెనకే వెళ్తుంది. ఒడ్డు నుంచి లోతుకు దిగే దారిలో రాళ్ల గుట్ట, గట్టి నేల మెత్తని బురదతో కలిసే అంచు, నీటి అడుగున చిన్న మిట్ట లాంటివి ఉంటే అక్కడ ఆగుతుంది. ఎండాకాలంలో మైళ్ల పొడవునా విస్తరించిన చేపలు ఒక్కోసారి పది పడవలు పట్టే జాగాలోకి వచ్చేస్తాయి. ఆ పక్కన కిలోమీటరు దూరం ఒక్కటీ ఉండదు. దీనికి ఇంకొక కారణం కలుస్తుంది. ఆడ చేపల్లో వచ్చే వేసవికి గుడ్లు తయారవడం శరత్కాలంలోనే మొదలవుతుంది. మేత బాగా దొరికిన చేప పొట్టలో గుడ్ల బరువు కూడా పెరుగుతూ ఉంటుంది. నవంబరు చేప ఎండాకాలం చేప కంటే లావుగా కనబడడంలో దాని పాలు ఉంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరుకుతుంది. ఒక్కో చేప ఆకలి తగ్గుతూ ఉంటుంది. కానీ ఎర ముందు ఒకటికి బదులు యాభై చేపలు ఉంటాయి. ఒక్కోటి రోజుకు ఒకసారే తిన్నా యాభైలో ఏదో ఒకటి ఎప్పుడూ తినే ఘడియలో ఉంటుంది. అందుకే ఆ కాలపు అనుభవం రెండు కొసల్లోనే ఉంటుంది: అయితే వరసగా చేపలు, లేకపోతే ఏమీ ఉండదు.

ఇక్కడి పడవల్లో నీటి వేడిని, చేపలను చూపే పరికరాలన్నీ ఫారెన్‌హీట్‌లో చూపిస్తాయి కాబట్టి రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. 50 డిగ్రీలు, అంటే మన 10 సెల్సియస్. అక్కడికి రాకముందు చేప ఇంకా తిరుగుతూ ఉంటుంది, వేగంగా లాగిన ఎరను కూడా తరుముతుంది. 50 దాటి కిందికి దిగాక గుంపులు బిగుస్తాయి. మంచి రోజులు ఇవే. 40కి, అంటే దాదాపు నాలుగున్నర సెల్సియస్‌కు, చేరేసరికి మేత దాదాపు ఆగిపోతుంది. రెండు అంకెల మధ్య పెద్ద సరస్సు ఒక్కోసారి నెల రోజులకు పైగా తీసుకుంటుంది. చిన్న చెరువు రెండు వారాల్లో దాటేస్తుంది. పెద్ద సరస్సు గొప్పతనం చేపల సంఖ్యలోనే కాదు, ఈ నెమ్మదిలో కూడా ఉంది.

ఎరల గురించి పుస్తకాలు నింపొచ్చు, నేను తక్కువే చెబుతాను. గోబీకి ఈదడానికి ఒంట్లో గాలితిత్తి లేదు. అది నేల మీద కూర్చుంటుంది, కొద్దిగా ఎగిరి మళ్లీ కూర్చుంటుంది. మన ఎర కూడా అలాగే నడవాలి. ట్యూబ్ అనే మెత్తని గొట్టం లాంటి ఎరను సీసం తలతో నేల మీద లాగడం ఇక్కడి పాత పద్ధతి, ఇప్పటికీ దానిదే పైచేయి. మరీ చల్లబడ్డాక బ్లేడ్ బెయిట్ అనే రేకు ఎర. దాన్ని జానెడు ఎత్తి దారం బిగువు వదలకుండా కిందికి జారనివ్వాలి. చేప ఎక్కువగా అది దిగేటప్పుడే అందుకుంటుంది. దెబ్బ తగిలినట్టు ఉండదు. తడి గుడ్డ తగులుకున్నట్టు దారం కాస్త బరువెక్కుతుంది, అంతే. మొదట్లో నేను దాన్ని రాయి అనుకుని ఎన్నిసార్లు ఊరుకున్నానో! ఇప్పుడు ప్రతి బరువునూ చేప అనుకునే రాడ్ ఎత్తుతాను. నీరు తేట కాబట్టి కొక్కెం దగ్గర 8 పౌండ్ల బరువు తట్టుకునే, నీళ్లలో సరిగా కనబడని ఫ్లోరోకార్బన్ దారం వాడతాను. గాలి సున్నా కిందికి దిగితే రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటుంది, అప్పుడప్పుడూ రాడ్ కొస నీళ్లలో ముంచి తీయాలి.

చేప లోతులో ఉందంటే దాన్ని పైకి తేవడం ఒక సమస్య. ఈ కాలం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది దీన్ని దాటేస్తారు.

శీలావతి, బొచ్చె లాంటి మన చేపల గాలితిత్తికి గొంతులోకి సన్నని గొట్టం ఉంటుంది. ఒత్తిడి మారితే గాలి వదిలేయగలవు. స్మాల్‌మౌత్‌కు ఆ గొట్టం లేదు. దాని గాలితిత్తి మూసిన సంచి. గాలి లోపలికి, బయటికి పోవాలంటే రక్తం ద్వారానే, దానికి గంటలు పడుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నిలకడగా ఉన్న చేపను పైకి తెస్తే ఒత్తిడి సగమైపోతుంది, సంచిలోని గాలి రెట్టింపు జాగా కోరుతుంది. పొట్ట ఉబ్బుతుంది, కళ్లు బయటికి వస్తాయి, ఒక్కోసారి లోపలి భాగం నోట్లోకి తోసుకొస్తుంది. వదిలేస్తే కిందికి దిగలేక పక్కకు ఒరిగి తేలుతుంది. మనం "వదిలేశాం, బతికిపోయింది" అనుకుని వెళ్లిపోతాం. తర్వాత గాలికి కొట్టుకుపోతుంది, లేదా గల్స్ అనే నీటి పక్షులు పొడుస్తాయి.

నెమ్మదిగా లాగితే చేప సర్దుకుంటుందని కొందరు అంటారు. గంటలు పట్టే పనిని రెండు నిమిషాల నెమ్మదితనం ఏం మారుస్తుంది? సూదితో గాలి తీసే పద్ధతి ఉంది. ఎక్కడ గుచ్చాలో చేయి తిరిగినవాళ్లకే తెలుస్తుంది, తప్పితే లోపలి అవయవాలకు తగులుతుంది. దానికంటే నాకు నచ్చింది దించే క్లిప్పు. చేప దవడకు పట్టించి బరువు కట్టి లోతుకు దించితే ఒత్తిడికి గాలి మళ్లీ కుంచించుకుని చేప తనంతట తనే విడిపించుకుని పోతుంది. అన్నిటికంటే మంచిది లోతు హద్దు పెట్టుకోవడం. వదిలేయాలనుకున్న రోజు 9 మీటర్లు, అంటే 30 అడుగులు దాటి నేను గాలం దించను. అంతకంటే లోతులో పరికరం తెర మీద ఎంత పెద్ద గుంపు కనబడినా సరే.

ఆ గుంపులను కనిపెట్టడం ఇప్పుడు తేలికైపోయింది కూడా. 2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ అనే, శబ్ద తరంగాలతో నీటి లోపల చూపించే పరికరం వచ్చాక పడవ ముందున్న చేప కదలిక, ఎర వైపు తల తిప్పడం, అన్నీ తెర మీద సినిమాలా కనబడుతున్నాయి. ఆ పరికరం మీద నాకు కోపం లేదు. చెల్లాచెదురుగా ఉన్న ఎండాకాలం చేపల మీద దాని ప్రభావం ఒక రకం, ఒకే మిట్ట మీద పోగైన నవంబరు చేపల మీద వేరే రకం. ఉత్తరాది చలి నీళ్లలో ఐదు పౌండ్ల స్మాల్‌మౌత్‌కు తరచు పదేళ్లు పైబడే ఉంటాయి. ఒక మిట్ట మీది పెద్ద చేపలు ఒక సీజన్లో ఖాళీ అయితే ఆ జాగా నిండడానికి మన పిల్లలు హైస్కూల్ దాటేంత కాలం పడుతుంది. మిన్నెసోటా ఈ సంగతి ముందే గుర్తించింది. అక్కడ చాలా సరస్సుల్లో సెప్టెంబరు మధ్య నుంచి స్మాల్‌మౌత్‌ను పట్టినా ఇంటికి తీసుకెళ్లకూడదన్న నియమం ఏళ్లుగా ఉంది. ఎరీ మీద మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఒంటారియో ఐదింటి నీళ్లూ ఉన్నాయి. నీటి మీద గీత కనబడదు, జీపీఎస్‌లో చూసుకోవాలి. గీత దాటితే లైసెన్సూ, నియమాలూ మారిపోతాయి.

చివరిగా మన ప్రాణం సంగతి. ఇది చివర చెప్పినా మొదట చదవాల్సిందే. ఎరీ లోతు తక్కువైన పొడవాటి సరస్సు. నైరుతి గాలి గట్టిగా వీస్తే నీరంతా తూర్పుకు పోగై, బఫెలో దగ్గర మట్టం రెండు మీటర్లకు పైగా లేచిన సందర్భాలున్నాయి. అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. 1975 నవంబరు 10న మరో మహా సరస్సు సుపీరియర్‌లో 222 మీటర్ల పొడవున్న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఓడ 29 మందితో మునిగిపోయింది. మన పడవ ఆరు మీటర్లు.

చల్లని నీళ్లలో పడితే ఏమవుతుందో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ సులువుగా గుర్తుండేలా చెప్పారు: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, తల నీటిపైన ఉంచి, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా తట్టుకోవాలి. తర్వాతి పది నిమిషాలే చేతులు పనిచేస్తాయి, పడవ ఎక్కాలన్నా అప్పుడే. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివాళ్లు ఆ గంట దాకా రానే రారు, చేతులు చచ్చుబడగానే మునిగిపోతారు. జాకెట్ సీటు కింద ఉంటే లేనట్టే లెక్క. గట్టు మీదే తొడుక్కుని బిగించుకోవాలి, ఒంటరిగా వెళ్లకూడదు, ఫోన్ నీరు చొరని సంచిలో మెడకు వేసుకోవాలి.

గాలి గంటకు 25 కిలోమీటర్లు దాటుతుందని ముందు రోజు రాత్రి చూస్తే నేను పడవ దించను. ఆ రోజు సెయింట్ క్లెయిర్ నది గట్టుకు వెళ్లి అక్కడి నుంచే గాలం వేస్తాను. అక్కడ స్మాల్‌మౌత్ తక్కువే. వాల్‌ఐ అనే ఇంకో చేప మాత్రం చీకటి పడ్డాక బాగానే పడుతుంది, ముళ్లు తక్కువ కాబట్టి పులుసుకూ బాగుంటుంది.